మా ఇంట్లో ఎంతమంది

మా అక్క పిల్లలిద్దరి పేర్లు ఇందులో రాయను. ప్రభుత్వ రక్షణలోకి వెళ్లిన పిల్లల పేరు, ఇల్లు, బడి, ఫొటో ఏదీ అచ్చులో రాకూడదని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. రాస్తే 6 నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా. ఆ సెక్షన్ లేకపోయినా రాసేదాన్ని కాదు. పెద్దది ఇప్పుడు ఏడో తరగతి. ‘హోమ్‌లో ఉండొచ్చిన పిల్ల’ అని బళ్లో ఒక్కరన్నా చాలు, సంచి మూలన పడేసి ఇంట్లో కూర్చుంటుంది. అందుకని పెద్దది, చిన్నోడు అనే రాస్తాను. అంబర్‌పేట్ అని చెబుతాను, గల్లీ చెప్పను.

మాది పాలమూరు జిల్లా. పట్నంలో మా కుటుంబం, అక్క కుటుంబం పక్క పక్క వీధుల్లో అద్దెకుండేవాళ్లం. బావది సెంట్రింగ్ పని. అక్క ఉప్పల్‌లో అపార్ట్‌మెంట్లలో ఇళ్లపని చేసేది. 2023 వానాకాలంలో కామెర్లు ముదిరి అక్క పోయింది. దినాలు కాగానే బావ ముంబై బస్సెక్కాడు. పాలమూరోళ్లకు అది కొత్త దారి కాదు, మా తాత కూడా అదే దారిన పోయి మట్టిపని చేశాడు. కొన్నాళ్లు ఫోన్‌పేలో డబ్బులు పంపాడు. తర్వాత నంబరే పనిచేయడం మానేసింది.

పిల్లలు నా దగ్గరే ఉన్నారు. నేను జాకెట్లు కుడతాను. మా ఆయన నాచారం పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ కంపెనీలో మెషిన్ మీద పనిచేస్తాడు. మాకొక కొడుకు. ఒక గది, వంటిల్లు, బయట బాత్‌రూమ్. తల్లిపోయిన పిల్లలు అమ్మమ్మ దగ్గరో చిన్నమ్మ దగ్గరో పెరగడానికి కాగితం కావాలని మా వంశంలో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగనూ లేదు. బళ్లో చేర్చినప్పుడు మాత్రం హెడ్మాస్టర్ సారు రిజిస్టర్‌లో సంరక్షకులు అన్న చోట నా పేరు రాసి సంతకం పెట్టించుకున్నాడు. ఆ సంతకం తర్వాత ఎంత పనికొచ్చిందో ముందుముందు చెబుతాను.

2024 దసరా సెలవులు. బతుకమ్మ రోజుల్లో టైలర్ ఇంట్లో అన్నం వండుకునే తీరిక కూడా ఉండదు. ఊరి నుంచి ఎవరో ఫోన్ చేసి బావ పండక్కి వచ్చాడట అన్నారు. నిజమో కాదో వాళ్లకే తెలియదు. ఆ మాట పెద్దది విన్నది. పండగయ్యాక పోదాం అన్నాను. మర్నాడు మధ్యాహ్నం తమ్ముణ్ణి తీసుకుని కాచిగూడ స్టేషన్‌కి నడిచిపోయింది. మహబూబ్‌నగర్ బండి అక్కడి నుంచే పోతుందని దానికి తెలుసు, అక్క ఉన్నప్పుడు రెండు మూడుసార్లు ఎక్కింది.

చీకటి పడ్డాక గానీ మాకు తెలియలేదు. గుడి దగ్గర, బతుకమ్మ ఆడే చోట, బడి దగ్గర వెతికాం. మూసీ ఒడ్డు దాకా పోయి వచ్చాడు మా ఆయన. తర్వాత పోలీస్ స్టేషన్. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదు ఏదైనా సరే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. ఆ రాత్రి నాకది తెలియదు, కానీ రైటర్‌కు తెలుసు. ఒక్క మాట అనకుండా రాసుకున్నాడు. ఫొటో అడిగాడు. ‘‘తల్లిదండ్రులు?’’ అన్నాడు. తల్లి లేదు, తండ్రి ఎక్కడున్నాడో తెలియదు అన్నాను. పెన్ను ఆపి నా ముఖం చూశాడు. ఆ తర్వాత చాలామంది నన్ను అట్లాగే చూశారు.

నేను స్టేషన్లో ఆ బల్ల మీద కూర్చున్న వేళకే పిల్లలు దొరికి ఉన్నారు. ప్లాట్‌ఫాం మీద ఒంటరిగా కనిపించే పిల్లల్ని పట్టి చూడ్డానికి రైల్వే రక్షణ దళానికి 2018 నుంచి ‘నన్హే ఫరిష్తే’ అని ఒక కార్యక్రమమే ఉంది. టికెట్ లేకుండా బెంచీ మీద కూర్చున్న ఇద్దరినీ ఒక లేడీ కానిస్టేబుల్ చూసి, బిస్కెట్లు ఇచ్చి, పిల్లల సహాయ డెస్క్‌కు అప్పజెప్పింది. అక్కడ పేరు, ఊరు అడిగారు. పెద్దది ‘‘మాకెవ్వరు లేరు’’ అంది.

ఎందుకట్లా చెప్పావని చాలా రోజుల తర్వాత అడిగాను. పక్క బెంచీ మీద కూర్చున్న ముసలాయన, ఇల్లు చెబితే మీ వాళ్లను పోలీసులు తీసుకుపోతారు అన్నాడట. నన్ను కాపాడుదామనుకుంది. పదకొండేళ్ల పిల్లకు అంతకన్నా ఏం తోస్తుంది? కానీ ఆ మాట కాగితం మీదికెక్కింది. ‘తల్లిదండ్రులు లేరు, బంధువులు లేరు.’ ఎక్కిన మాటను దింపడానికి మాకు పట్టిన కాలమే ఈ అనుభవమంతా.

మర్నాడు ఫొటోలు కలిశాయి. ఫోన్ వచ్చింది. పిల్లలు క్షేమంగా ఉన్నారు, కమిటీ ముందు పెట్టారు, రండి అన్నారు. నేను కుట్టు మీదున్న జాకెట్ అట్లాగే వదిలి, పిల్లలకు బట్టలు, చిన్నోడికి వాడి దుప్పటి సంచిలో పెట్టుకుని పోయాను. తీసుకొస్తాననుకున్నాను. ఖాళీ చేతులతో వస్తానని కలలో కూడా అనుకోలేదు.

కమిటీ అంటే బాలల సంక్షేమ సమితి. అందరూ సీడబ్ల్యూసీ అంటారు. ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు, వాళ్లలో ఒకరైనా మహిళ ఉండాలి. చూడ్డానికి మామూలు ఆఫీసు గదిలాగే ఉంటుంది గానీ వాళ్లకు మేజిస్ట్రేట్ బెంచికి ఉండే అధికారాలున్నాయి. దొరికిన ఏ పిల్లనైనా 24 గంటల్లో వాళ్ల ముందు పెట్టాలి. అక్కణ్ణుంచి ఆ పిల్ల ఎక్కడ పడుకోవాలి, ఎవరితో పోవాలి అనేది వాళ్ల సంతకంతోనే జరగాలి. పోలీసు సారు కూడా ఆ గదిలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

‘‘మీరు పిల్లలకు ఏమవుతారమ్మా?’’

‘‘చిన్నమ్మను, మేడం. తల్లికి సొంత చెల్లెల్ని.’’

‘‘రుజువేముంది?’’

నా ఆధార్ ఇచ్చాను. అందులో నా భర్త పేరుంది. అక్క పేరు ఎందుకుంటుంది? రేషన్ కార్డులో పిల్లలు లేరు. తెలంగాణలో ఏళ్ల తరబడి కొత్త కార్డులూ ఇవ్వలేదు, ఉన్న కార్డుల్లో పేర్లూ చేర్చలేదు. నా సొంత కొడుకు పేరే మా కార్డులో లేదు. పిల్లల ఆధార్ కార్డుల్లో ఊరి చిరునామా. అక్క మరణ ధ్రువీకరణ పత్రంలో ఇంటిపేరు ఒక రకంగా, పిల్లల బడి రికార్డులో ఇంకో రకంగా ఉంది. ఫోన్‌లో ఫొటోలు చూపించాను. అక్క ఒళ్లో చిన్నోడు, పక్కన నేను. మేడం చూసింది, మంచిగానే చూసింది. ‘‘ఫొటోల మీద పిల్లల్ని ఇయ్యలేమమ్మా. మేడిపల్లి కేసు మీకు తెలుసు కదా’’ అంది.

తెలియకేం? మేడిపల్లి మాకు దూరమా, ఉప్పల్ దాటితే పీర్జాదిగూడ, ఆ పక్కనే. 2024 మేలో రాచకొండ పోలీసులు అక్కడ పసిపిల్లల్ని అమ్మే ముఠాను పట్టుకున్నారు. ఢిల్లీ, పుణె నుంచి నెలల పిల్లల్ని తెచ్చి ఇక్కడ పిల్లలు లేనివాళ్లకు లక్షలకు అమ్మారు. పోలీసులు పిల్లల్ని వెనక్కి తీసుకుని సర్కారు శిశువిహార్‌కు పంపుతుంటే, కొనుక్కుని పెంచుకున్న ఆడవాళ్లు ఏడ్చిన ఏడుపు టీవీలో మేమంతా చూశాం. ఆ గొడవ హైకోర్టుకూ వెళ్లింది. అప్పుడు మా గల్లీలో అందరం ఒకటే అన్నాం, కాగితం లేకుండా బిడ్డను ఇంట్లో పెట్టుకోవడం తప్పు కాదా అని. నేనూ అన్నాను. అయిదు నెలలు తిరగకుండా కాగితం లేని దాన్నై నేనే ఆ బల్ల ముందు నిలబడ్డాను.

కాబట్టి వాళ్ల అనుమానం ఊరికే కాదని నాకు అప్పుడే అర్థమైంది. బంధువునని చెప్పి వచ్చి పిల్లను తీసుకుపోయి పనిలో పెట్టేవాళ్లుంటారు, పెళ్లి చేసేవాళ్లుంటారు. అర్థం కావడం వేరు, పిల్లలు పక్క గదిలో ఉండగా సంతకం పెట్టి బయటికి రావడం వేరు. ఆ రోజే ఇంకోటి జరిగింది. ఆడపిల్లలకు ఒక గృహం, మగపిల్లలకు ఒక గృహం. పెద్దదాన్ని ఒక దిక్కు, చిన్నోణ్ణి నగరంలో ఇంకో దిక్కు పంపించారు. పదేళ్లలోపు అన్నాచెల్లెళ్లనైనా అక్కాతమ్ముళ్లనైనా ఒకే చోట ఉంచడానికి నిబంధనల్లో వీలుంది. కానీ పెద్దదానికి పదకొండు. వాడు వ్యాన్ ఎక్కేటప్పుడు అక్క చున్నీ వదల్లేదు. చున్నీ వాడితోనే పోయింది.

ఆ తర్వాతి రోజులను వరుసగా రాయలేను, నాకే కలగలిసిపోయాయి. మీసేవ, జీహెచ్ఎంసీ ఆఫీసు, ఊళ్లో పంచాయతీ, బడి. ప్రతి చోటా ఒక కాగితం ఇంకో కాగితాన్ని అడిగేది. మా ఆయన షిఫ్టులు మానుకుంటే జీతం కోత. నేను మిషన్ మీద కూర్చుంటే సూది ఎటు పోతుందో కనిపించేది కాదు. పండగ జాకెట్లు సగం వాపసు తీసుకుపోయారు.

ఇంటి విచారణ అని ఒకటి ఉంటుంది. సాంఘిక పరిశోధన నివేదిక అంటారు, 15 రోజుల్లో పూర్తి కావాలని చట్టంలో ఉంది. మా వంతు వచ్చేసరికి ఆ గడువు దాటింది. వచ్చిన అమ్మాయి చిన్నది, నాకన్నా చిన్నది. ఒక్కతే ఎన్నో మండలాలు తిరుగుతుందట, స్కూటీ మీద చెమటలు కక్కుతూ వచ్చింది. నీళ్లిస్తే తాగింది, కూర్చోమంటే చాప మీద కూర్చుంది. దానికే నాకు సగం భారం తగ్గింది. ఇల్లు చూసింది. పిల్లలు ఎక్కడ పడుకుంటారు, బాత్‌రూమ్‌కు లోపల గొళ్లెం ఉందా, రాత్రి బయటికి పోవాలంటే లైటు ఉందా. తర్వాత అడిగింది: ‘‘అక్కా, అన్న తాగుతడా? ఎదిగే ఆడపిల్ల ఇంట్లో ఉంది, అడగక తప్పదు.’’

మా ఆయన గుమ్మం దగ్గరే ఉన్నాడు. ఏమీ అనలేదు. చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఆ ప్రశ్న అడగాల్సిందేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అడగకుండా ఆడపిల్లను మా ఇంటికి పంపిస్తే ఆ అమ్మాయి తన పని చేయనట్టే. కానీ పరాయి పిల్లల్ని కాదు, వదిన పిల్లల్ని సాకుతున్న మనిషికి ఆ మాట చెవిన పడితే ఎట్లుంటుందో కూడా నేనే చూశాను. పైగా గృహంలో కౌన్సెలర్ అడిగితే పెద్దది, చిన్నాయన తమ్ముణ్ణి కొట్టిండు అని చెప్పింది. కొట్టింది నిజం. మోటర్ మిషన్ తిరుగుతుంటే చిన్నోడు బెల్టు దగ్గర వేలు పెట్టబోయాడు, భయంతో వీపు మీద ఒకటి వేశాడు. ఫైల్లో అది ఒక వాక్యం. మోటరూ లేదు, వేలూ లేదు.

ఆ రాత్రి ఆయన, ‘‘వద్దు, వదిలెయ్యి. ఆడ్నే సదువుకోనీ. రేపు ఇంకేదో అంటరు’’ అన్నాడు. రెండు రోజులు మేం మాట్లాడుకోలేదు.

విచారణ అంటే ఇరుగుపొరుగును కూడా అడుగుతారు. అడగాలి కూడా. కానీ ఆ అమ్మాయి ఇంటి ఓనర్‌ను అడిగి వెళ్లిన సాయంత్రమే ఓనరమ్మ పైకి వచ్చి, ‘‘పోలీసు కేసులు మా ఇంటికి వద్దమ్మా, సంక్రాంతి దాకా చూసుకోండి’’ అంది. ఇది పోలీసు కేసు కాదని ఎంత చెప్పినా వినలేదు. పిల్లలకు నిలకడైన ఇల్లు ఉందా లేదా అని తేల్చడానికి వచ్చిన విచారణే మా ఇల్లు కదిపింది. దీనికి ఎవరినీ తప్పుపట్టలేను. ఆ అమ్మాయి ఏ గుర్తింపు కార్డూ మెడలో వేసుకోకుండా, మెల్లిగానే అడిగింది. మన దగ్గర ఒక ఆఫీసు మనిషి ఇంటికి వచ్చి పిల్లల గురించి అడిగితే, ఆ ఇంట్లో ఏదో జరిగిందనే అనుకుంటారు. ఏమీ జరగకుండానే వచ్చి ఎలా ఉన్నారని అడిగే అలవాటు ఆఫీసుకూ లేదు, మాకూ లేదు.

విదేశాల్లో పిల్లల్ని సర్కారు తీసుకుపోతుందని అందరికీ తెలుసు. నార్వేలో 2012లో ఒక తెలుగు జంటకు కొడుకును హింసించారని జైలు పడింది, అప్పుడు పేపర్లలో రోజూ వచ్చేది. అంతకు ముందు అక్కడే ఒక బెంగాలీ తల్లికి జరిగిన కథ మీద 2023లో హిందీ సినిమా కూడా వచ్చింది. అక్కడ సర్కారు తలుపు కొట్టి ఇంట్లోకి వస్తుంది. ఇక్కడ అట్లా రావడం చాలా తక్కువ. స్టేషన్లో, గాజుల కార్ఖానాలో, చెత్తకుండీ దగ్గర పిల్ల ఎదురైతే అప్పుడు సర్కారు మేల్కొంటుంది. జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ అని పోలీసులు వందల మంది పిల్లల్ని పట్టి తెస్తారు. తెచ్చాక ఇల్లే నడిచి ఆఫీసుకు రావాలి. రాగలిగిన ఇల్లు వస్తుంది. బీహార్ నుంచి రాలేని ఇళ్లెన్నో.

నవంబర్‌లో ఇంటింటి కుటుంబ సర్వే వచ్చింది. ఆరో తేదీ నుంచి టీచర్లు గల్లీగల్లీ తిరిగి తలుపులకు స్టిక్కర్లు అంటించారు. మా ఇంటికి వచ్చిన టీచరమ్మ పుస్తకం తెరిచి, ‘‘ఇంట్లో ఎంతమంది?’’ అంది. నేను అయిదుగురం అన్నాను. పేర్లు చెప్పాను. పిల్లలు బడికి పోయారా అంది. అబద్ధం రాలేదు, నిజమూ రాలేదు. మా ఆయన లోపలి నుంచి వచ్చి, ‘‘రాయండి మేడం, అయిదుగురమే’’ అన్నాడు. ఆయన వద్దు అన్న తర్వాత నాతో పిల్లల మాట ఎత్తింది అదే మొదటిసారి. ఆ వారంలోనే బావను వెతకడానికి ముంబై పోతానన్నాడు.

బావ ఎందుకంటే, తండ్రి బతికుండగా అతని మాట వినకుండా కమిటీ ఏదీ తేల్చదు. మా ఊరి మేస్త్రీలను పట్టుకుని, కల్యాణ్ అవతల ఒక సైటులో రేకుల షెడ్డులో బావను పట్టుకున్నాడు. తీసుకొచ్చాడు. మనిషి సగమై ఉన్నాడు. కొత్త చొక్కా కొనిచ్చి కమిటీకి తీసుకుపోయాం.

‘‘పిల్లల్ని మీరు తీసుకుపోతారా?’’ అని అడిగారు.

‘‘యాడికి సార్? నేనే షెడ్డుల పంటున్న. వాళ్ల చిన్నమ్మ దగ్గరుంటరు.’’

ఒక సభ్యుడు, చట్టం ప్రకారం చెప్పాల్సినవన్నీ చెప్పాడు. పెంచలేని తల్లిదండ్రులు పిల్లల్ని కమిటీకి సరెండర్ చేయవచ్చు, మనసు మార్చుకోవడానికి రెండు నెలలు ఉంటుంది, ఆ తర్వాత పిల్లలు దత్తతకు అర్హులవుతారు. బావ అంతా విని, ‘‘సరే సార్, ఏలిముద్ర ఎక్కడెయ్యాలె’’ అన్నాడు. కమిటీకి రాసిస్తే కమిటీ నాకు ఇస్తుందనుకున్నాడు మనిషి. నేను కుర్చీ లోంచి లేచి, ‘‘బావా, వద్దు’’ అని గట్టిగా అరిచాను. ఆ సభ్యుడే చేయి ఎత్తి ఆపి, మళ్లీ మొదటి నుంచి నిమ్మళంగా చెప్పాడు. రెండోసారి బావకు అర్థమైంది. గోడకు తల ఆనించి ఏడ్చాడు. అక్క పోయినప్పుడు కూడా ఆయన అట్లా ఏడవలేదు.

మాకు దారి చూపింది న్యాయ సేవా సంస్థ తరఫున అక్కడ కూర్చునే వాలంటీర్ ఒకామె. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా న్యాయ సాయం అందాలని 1987 చట్టంలోనే ఉంది. రోజూ ఆమె ముందు నుంచే పోతూ వస్తూ ఉన్నాను, ఎవరో తెలియక అడగలేదు. ఒకరోజు ఆమే పిలిచి ఫైలు చూసింది. చట్టంలో సంరక్షకులంటే తల్లిదండ్రులే కానక్కర్లేదు, నిజంగా ఎవరు పిల్లను చూసుకుంటున్నారో వాళ్లను కమిటీ సంరక్షకులుగా గుర్తించవచ్చు, పిల్లల్ని అప్పగించదగిన వాళ్ల జాబితాలో వాళ్లూ ఉన్నారు అని చెప్పింది. ‘‘నువ్వు చిన్నమ్మవని రుజువు చేస్తూ తిరుగుతున్నవ్. నువ్వు సాకుతున్నవని రుజువు చెయ్యి’’ అంది. అప్పుడు బడి రిజిస్టర్ గుర్తుకొచ్చింది. హెడ్మాస్టర్ సారు బోనఫైడ్ ఇస్తూ, చేరిన రోజు నుంచి ప్రోగ్రెస్ కార్డుల మీద నేను పెట్టిన సంతకాలన్నీ జిరాక్స్ తీసిచ్చాడు. గల్లీ డాక్టర్ దగ్గర చిన్నోడికి టీకాలు, జ్వరాలు రాసిన చీటీలు కూడా పెట్టాం. మరణ పత్రంలో ఇంటిపేరు తప్పు అట్లాగే ఉంది, దాన్ని ఎవరూ మళ్లీ అడగలేదు.

మధ్యలో పిల్లల్ని చూడనిచ్చేవారు, వాళ్లు చెప్పిన రోజు, చెప్పిన వేళకు. పెద్దదానికి పేలు ఉన్నాయని జుట్టు భుజాల దాకా కత్తిరించారు. దానికంటే ముందు నాకే ఏడుపొచ్చింది, అది మాత్రం ‘‘తేలికగుంది చిన్నమ్మ’’ అంది. చిన్నోడు మాట్లాడేవాడు కాదు. అక్క ఎక్కడ అని ఒక్కటే అడిగేవాడు. ఒకసారి ఇద్దరినీ ఒకే రోజు కమిటీ దగ్గరికి తెచ్చారు. వరండాలో బెంచీ మీద పెద్దది వాడికి గోళ్లు కొరికి తీసింది, నెయిల్ కట్టర్ లేదు కదా. మేం లోపల ఏం మాట్లాడామో నాకు గుర్తులేదు, అద్దంలోంచి వాళ్లనే చూస్తున్నాను.

డిసెంబర్ మొదట్లో ఉత్తర్వు వచ్చింది. తుది నిర్ణయానికి కనీసం ముగ్గురు సభ్యులుండాలి, ముగ్గురూ సంతకం పెట్టారు. చట్టం పెట్టిన నాలుగు నెలల గడువులోపే తేలిందని అందరూ మంచిగానే అయిందన్నారు. మిగతా ఫైళ్లతో చూస్తే అయిందేమో. బడి మాన్పించనని, కొట్టనని, ఇల్లు మారితే చెబుతానని, పిలిచినప్పుడు తెస్తానని రాసి సంతకం పెట్టాను. కొట్టనని మా ఆయన కూడా పెట్టాడు.

ఇంటికి వచ్చాక అంతా సర్దుకుందని రాయాలని ఉంది. చిన్నోడు ప్లేటు పట్టుకుని గోడ పక్కన నిలబడేవాడు, కూర్చోమనేదాకా. పెద్దది చాప మీద పడుకుని ఒక రాత్రి, ‘‘ఆడ నాకు మంచం ఉండె’’ అంది. అక్కడ సాయంత్రం ట్యూషన్ ఉండేది, ఒక మేడం లెక్కలు బాగా చెప్పేదట. ఆదివారం చికెన్ పెట్టేవారు. నేను విన్నాను. ఏం జవాబు చెబుతాను? పిల్లల్ని అక్కడ బాధపెట్టారని అనుకోవడం నాకు తేలిక. వాళ్లు మంచం ఇచ్చారు, లెక్కలు చెప్పారు, తమ్ముణ్ణి మాత్రం ఇయ్యలేకపోయారు. నేను తమ్ముణ్ణి ఇచ్చాను, మంచం ఇయ్యలేకపోయాను.

ఆ స్కూటీ అమ్మాయి తర్వాత కూడా వచ్చింది, పిల్లలెట్లున్నారో చూసి రాసుకోవడానికి. అప్పుడు ఒక ఫారం తెచ్చింది. మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్. ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు, 18 ఏళ్ల దాకా. కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లు పెడతాయి. పిల్లలు గృహాలకు చేరకుండా ఇంట్లోనే ఉండటానికి ముందుగానే ఇవ్వవచ్చట. పోయాక తెచ్చి నిలబెట్టడానికి మాత్రమే కాదు. నేను ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాను. ‘‘మరి అక్క పోయినప్పుడే ఎందుకియ్యలేదు?’’ అన్నాను. ‘‘అప్పుడు మీరు మా దగ్గర లేరు కదక్కా’’ అంది. నిజమే. అక్క పోయిన కాగితం జీహెచ్ఎంసీలో ఉంది, పిల్లలు బడి రిజిస్టర్‌లో ఉన్నారు, రెండూ సర్కారువే. ఒకదాని కబురు ఇంకోదానికి పోవడానికి పెద్దది కాచిగూడ దాకా నడవాల్సి వచ్చింది. ఆ రెండు గృహాల్లో మా పిల్లలిద్దరికీ పెట్టిన తిండి, బట్ట, వార్డెన్ జీతం, వ్యాన్ డీజిల్ లెక్కేస్తే ఎంతవుతుందో నాకు తెలియదు గానీ, నెలకు 8,000 ముందే మా ఇంటికి వచ్చి ఉంటే బయట ఒక రేకుల గదైనా అద్దెకు కలుపుకునేవాళ్లం. ఊరి నుంచి ఫోన్ వస్తే పండగ ముందే అందరం బస్సెక్కి పోయేవాళ్లం, ఛార్జీలకు చూసుకోకుండా.

ఫారం నింపాం. అక్కడా ఒక ముడి ఉంది. నగరాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 దాటకూడదు. అంటే నెలకు 8,000. అంబర్‌పేట్‌లో గదికే అందులో ముప్పాతిక పోతుంది. మా ఆయన జీతం దానికి మించే ఉంది. మరి చూడాల్సింది సాకుతున్న మా ఆదాయమా, కన్న బావ ఆదాయమా? తల్లిదండ్రులిద్దరూ లేక బంధువుల దగ్గరున్న పిల్లలకు అర్హత ఉందని జాబితాలో ఉంది. భర్తపోయిన తల్లి పిల్లలకు ఉంది. తల్లిపోయి, తండ్రి ఉండీ లేని పిల్లలు చిన్నమ్మ దగ్గర ఉంటే ఏ వరుసలో రాయాలో ఆ అమ్మాయికీ తోచలేదు. మాకెవ్వరు లేరని పెద్దది స్టేషన్లో చెప్పిన మాటే నిజమై ఉంటే, ఈ ఫారం ఒక్క పూటలో అయిపోయేది. సంరక్షణ అవసరమైన పిల్లలని కమిటీ ఉత్తర్వే ఉంది కాబట్టి ఆ వరుసలో పెట్టి పంపుదామంది. పంపాం.

సంక్రాంతికి ఇల్లు మారాం. కొత్త ఓనర్‌కు పిల్లలు ముగ్గురు అని ముందే చెప్పాను, వివరం చెప్పలేదు. చిరునామా మారిందని కమిటీకి రాసిచ్చి రసీదు తీసుకున్నాను. 2025లో కొత్త రేషన్ కార్డులు మొదలయ్యాక పిల్లల పేర్లు చేర్చమని దరఖాస్తు పెట్టాను, కమిటీ ఉత్తర్వు జిరాక్స్ జతచేశాను. కౌంటర్లో అబ్బాయి అటూ ఇటూ తిప్పి చూసి, ఇట్లాంటిది ఇప్పటిదాకా చూడలేదన్నాడు. తీసుకున్నాడు మాత్రం. బావ నంబరు ఇప్పుడు పనిచేస్తోంది, నెలలో ఒకసారి వీడియో కాల్ చేస్తాడు. స్పాన్సర్‌షిప్ ఫైలు ఆదాయ ధ్రువపత్రం కోసం తహసీల్దార్ ఆఫీసులో ఉంది. ఎవరి ఆదాయమని అడిగి పంపారు. సోమవారం బావ ఆధార్, మా ఆయన జీతం చీటీ, రెండూ పట్టుకుని పోతున్నాను.